ఎర్ర గుర్తు వేళ

అత్తయ్యకు,

మీ కోడలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమందరం క్షేమం. మీరు, బాలింత వదిన, చంటివాడు కూడా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి కూర్చోవడం, లేవడం, మళ్ళీ కూర్చోవడం, దీంతోనే సరిపోయింది నాకు. ఇవాళ కూడా కాగితం ముందు పెట్టుకున్నాక స్టవ్ ఆర్పానో లేదో అని లేచి వెళ్ళి చూశాను. స్టవ్ అసలు వెలిగించనే లేదు. అలా ఉంది నా సంగతి.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటారు మీరు. మీకు వినపడేట్టు నేను అరిస్తే మీకంటే ముందు వదినకీ, వదిన పక్కింటివాళ్ళకీ వినపడుతుంది. ఇది అరిచి చెప్పే విషయం కాదు. అందుకని రాస్తున్నాను. చదివేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకోండి.

ముందు మీరడిగినవాటికి జవాబు చెప్పేస్తాను. మీ మనవరాలు పిడుగు బాగానే ఉంది. ఊడిన పన్ను చోట కొత్తది వస్తోంది, అద్దం ముందునుంచి కదలడం లేదు. నానమ్మ వచ్చేదాకా ఆ పన్ను పూర్తిగా రాకూడదట, మీరు చూడాలట.

"ఆర్థిక క్యాలెండర్లో టైము సరిచేశావా?" అని అడిగారు. చేశాను. మనం ఎవరి డబ్బు కొంటామో ఆ దేశంవాళ్ళు వేసవి వచ్చిందని గడియారాలు గంట ముందుకు జరుపుకున్నారు, మనం జరుపుకోలేదు, కాబట్టి వాళ్ళ ధరల లెక్కలు, ఉద్యోగాల లెక్కలు అన్నీ మనకి గంట ముందే వచ్చేస్తున్నాయి. కిందటేడు ఇది మరిచిపోయి, ఇంకా బోలెడు టైముందిలే అని మీరు తీరుబడిగా తల దువ్వుకుంటుంటే ఇక్కడ ధర పూనకం వచ్చినట్టు ఊగింది. దువ్వెన తలలోనే ఉండగా మీరు పరుగెత్తుకొచ్చిన తీరు తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది.

"పొద్దున్నే ముందు క్యాలెండర్ చూస్తున్నావా, ముందు ధర చూస్తున్నావా?" అని కూడా అడిగారు. మీరు లేకపోయినా మీ కళ్ళు ఇక్కడే ఎక్కడో పెట్టి వెళ్ళారని అనుకున్నాను అది చదివి. చాలా రోజులు ముందు క్యాలెండరే చూశాను అత్తయ్యా. చాలా రోజులు.

మామయ్య మోకాలి ఆపరేషన్ గురించి అడిగారు. ఆయన గురించి విడిగా రాస్తాను. కంగారు పడకండి, ఈ క్షణాన ఆయన నా వెనక గదిలో కూర్చుని రేడియోతో పోట్లాడుతున్నారు.

మీ అబ్బాయి సంగతి. లిఫ్టుల కంపెనీలో పని తగ్గింది. ఒక వారం డ్యూటీ, ఒక వారం ఇంట్లోనే. ఇంట్లో ఉన్న వారం ఆయన కాలు ఒకచోట నిలవదు. మన మెట్ల దగ్గర లిఫ్టుని ఎవరూ అడక్కపోయినా విప్పి మళ్ళీ బిగించారు. అది అయ్యాక వచ్చి నా కుర్చీ వెనక నిలబడటం మొదలుపెట్టారు. మీకు తెలుసుగా, ఇన్నాళ్ళూ మనిద్దరం ఏం చేస్తున్నామో ఆయనకి పట్టేది కాదు. భోజనాల బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని అత్తాకోడళ్ళు ఏదో దేశం డబ్బు కొని ఏదో దేశం డబ్బు అమ్ముతుంటారు, ఇంట్లో గొడవల్లేవు, అంతే చాలనుకునేవారు.

"ఇదేంటి, ఇక్కడ ఎర్రగా?" అన్నారు ఒకరోజు క్యాలెండర్ మీద వేలు పెట్టి.

"నిరుద్యోగం లెక్క వస్తుంది. ఎరుపంటే ధర బాగా ఊగుతుందని."

"అయితే ఇప్పుడే కొనెయ్యాలన్నమాట."

"కాదు. ఇది లేచిపోయే టైము."

"పెళ్ళయి ఇన్నేళ్ళయ్యాక లేచిపోవడమేంటే? అదీ అత్తగారు ఊళ్ళో లేనప్పుడు!"

అప్పుడు నవ్వాను. కానీ ఆయన అన్నదాంట్లో ఒక ముక్క నాలో ఉండిపోయింది. "ఏ రోజు డబ్బొస్తుందో రంగేసి మరీ చూపిస్తుంటే, సరిగ్గా ఆ రోజే బయటికి పోయి నిలబడతారా మీరిద్దరూ?" అన్నారు.

నాకు మీరు మొట్టమొదట నేర్పింది కొనడమూ కాదు, అమ్మడమూ కాదు. ఆ క్యాలెండర్ చదవడం. ఏ దేశం లెక్క, ఏ వేళకి వస్తుంది, పక్కన రంగు ఏమిటి. పసుపైతే పట్టించుకోనక్కర్లేదు, నారింజైతే జాగ్రత్త, ఎరుపైతే చేతిలో ఉన్నదంతా అమ్మేసి కుర్చీ వదిలి లేవాలి. పక్కన మూడు గడులు. కిందటిసారి ఎంత వచ్చింది, ఈసారి ఎంత వస్తుందని అంచనా, అసలు ఎంత వచ్చింది. ఆ మూడో గడి వేళ అయ్యేదాకా ఖాళీగా ఉంటుంది. "కదిలే బస్సెక్కడానికి మలుపులో నిలబడతామా? స్టాపులో ఆగాక ఎక్కుదాం" అనేవారు మీరు. ఎర్ర గుర్తు వేళకి నన్ను కూడా లాక్కుని మెట్లమీదికి వెళ్ళి, ధర నెమ్మదించాక లోపలికొచ్చేవారు. ఆ మెట్లమీద మనం చెప్పుకున్న కబుర్లన్నీ నాకు గుర్తే. మీరు వెళ్ళాక కూడా ఆ వేళకి మెట్లమీదికే వెళ్ళాను. ఒక్కదాన్నే నిలబడితే ఆ మెట్లమీద ఏముంటుంది అత్తయ్యా, ఎవరో ఒకరి చెప్పులు తప్ప.

మీరు వెళ్ళిన నెల వచ్చిన ఎర్ర గుర్తులన్నీ నేను అనుకున్నట్టే వచ్చాయి. సరుకుల ధరలు పెరిగాయన్న లెక్క అంచనాని దాటుతుందనుకున్నాను, దాటింది. జీతాల లెక్కా అంతే. ప్రతిసారీ నేను మెట్లమీదనుంచి లోపలికొచ్చేసరికి అంతా అయిపోయి ఉండేది. నేను చెప్పింది నిజమని నాకు తప్ప ఎవరికీ తెలీదు. ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించేది. మీరు లేరు. మీ అబ్బాయితో చెబితే, "మరి కొన్నావా?" అంటారు.

అక్కడ ఉన్నన్నాళ్ళూ కంప్యూటర్ తెర ముట్టనని వదినకి మాటిచ్చారు కాబట్టి మీ ఖాతాలో ఏం జరిగిందో మీరు చూసి ఉండరు. ఇక చెప్పేస్తాను.

ఆ దేశం పెద్ద బ్యాంకు వడ్డీ నిర్ణయం చెప్పే రోజది. మీ అబ్బాయి డ్యూటీకి వెళ్ళారు, పిడుగు బడికి వెళ్ళింది. పొద్దున కొంచెం కొన్నాను, చిన్నదే, మీరున్నా కొనేవారు. వేళ దగ్గరపడింది. అమ్మేసి లేవాలి. అంచనా గడిలో, వడ్డీ మార్చరని ఉంది. పెంచుతారని, పెంచితే ఆ డబ్బు ధర లేస్తుందని నాకు అనిపిస్తోంది. నేను అమ్మలేదు. అమ్మకపోవడమే కాదు, ఇంకా కొన్నాను. మీరు ఎప్పుడూ తియ్యొద్దన్న స్టాపు ఉంది చూడండి, నష్టం ఇంత దాటితే దానంతట అదే అమ్మేసే గీత, అది కూడా తీసేశాను. ఊగేటప్పుడు మధ్యలో నన్ను బయటికి తోసెయ్యకూడదని.

డబ్బు కోసం చేశానని రాస్తే మీరు తిట్టి ఊరుకుంటారు. అది నిజం కాదు. నేనన్నదే నిజమని ఆ అంకె చేత అనిపించుకోవాలనుకున్నాను.

వేళ కాకముందే ధర దభీమని కిందికి పడింది. కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య కాలవంత ఎడం. ఆ కాసేపట్లో మీ ఖాతాలో సగం పోయినట్టు ఎర్రగా కనిపించింది నాకు. అప్పుడు మూడో గడిలో అంకె పడింది. పెంచారు. ధర లేచింది అత్తయ్యా. అలా లేవడం నేనెప్పుడూ చూడలేదు. ఎందుకంటే ఆ వేళకి ఎప్పుడూ మెట్లమీదే ఉన్నాను కదా. అది నెమ్మదించేదాకా పట్టుకుని కూర్చుని అప్పుడు అమ్మాను. మనిద్దరం ఏడాదంతా కూర్చుని చేసేదానికంటే ఎక్కువే వచ్చింది.

సాయంత్రం మీ అబ్బాయికి చెప్పాను. పిడుగుని ఎత్తుకుని ఇల్లంతా తిరిగారు. "ఇంక నేను లిఫ్టు గుంతల్లో దిగక్కర్లేదన్నమాట" అన్నారు నవ్వుతూ. మర్నాడు అదే మాట నవ్వకుండా అన్నారు. ఆ మర్నాడు క్యాలెండర్ తెరవమని, "మళ్ళీ ఎర్రది ఎప్పుడు?" అని అడిగారు. అడక్కపోయినా నాకు తెలుసు ఎప్పుడో. ఆ రోజునుంచి నేను చూస్తున్నది అదొక్కటే. పిడుగు జడ వేస్తూ దాన్ని గురించే ఆలోచన, కూరలు తరుగుతూ దాన్ని గురించే. వేలు కూడా తెగింది. పడుకుంటే కాళ్ళలో ఏదో పాకుతున్నట్టుండేది.

ఇక్కడిదాకా రాసి లేచి వెళ్ళి మామయ్యకి టీ ఇచ్చి వచ్చాను. ఇంకొకటి ఉంది. దాన్ని రాయడానికే ఈ ఉత్తరం.

ఆ రోజు, మూడో గడిలో అంకె పడకముందు, ధర కిందికి పడుతున్నప్పుడు, మామయ్య నన్ను పిలిచారు. బాత్రూంలోంచి. "అమ్మాయీ" అని. ఎప్పుడూ పిలిచినట్టే పిలిచారు. తువ్వాలు కోసమనుకున్నాను. వస్తున్నానని కూడా అనలేదు. మళ్ళీ పిలిచారు. ఈసారి గొంతు వేరుగా ఉంది. మూడోసారి పిలిచినప్పుడు అమ్మాయీ అనలేదు, నా పేరు పెట్టి పిలిచారు. ఆయన నన్ను పేరు పెట్టి పిలవగా మీరెప్పుడైనా విన్నారా?

వినపడలేదని రాయొచ్చు. మీరు నమ్ముతారు. కానీ వినపడింది అత్తయ్యా. అన్నిసార్లూ వినపడింది. నేను వెళ్ళలేదు.

అమ్మేశాక వెళ్ళాను. వాకర్ చక్రం కాళ్ళు తుడుచుకునే పట్టాలో ఇరుక్కుని, వాకర్ అటు పడిపోయి ఉంది, చెయ్యి అందనంత దూరంలో. ఆయన రెండు చేతులతో చేతులు కడుక్కునే బేసిన్ పట్టుకుని, ఆపరేషన్ చేసిన కాలు నేలకి ఆనకుండా పైకెత్తి, మొత్తం బరువు చేతుల మీద మోస్తూ ఉన్నారు. ఒక్క చెయ్యి వదిలినా పడిపోతారు. చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది. నన్ను చూసి ఏమన్నారో తెలుసా?

"వచ్చావా అమ్మా. పనిలో ఉన్నావేమో అనుకున్నా."

చంకలో చెయ్యి వేసి మంచం దాకా తీసుకొచ్చాను. కూర్చుని కాసేపు ఊపిరి తీసుకుని, "అయిందా పని?" అని అడిగారు.

"అయింది మామయ్యా."

"బాగా అయిందా?"

చాలా బాగా అయిందని చెప్పాను. చెప్పి వంటగదిలోకి వెళ్ళి గోడకి ఆనుకున్నాను.

కాలికి ఏమీ కాలేదు. వ్యాయామం చేయించే అతన్ని మర్నాడే పిలిపించి చూపించాను. కుట్లు బాగున్నాయి, మోకాలు వంగుతోంది, మోచేతి మీద కమిలిన మచ్చ ఒకటి ఉంది, అంతే. ఆ మచ్చ చూసి మీ అబ్బాయి అడిగితే, "తలుపు తగిలిందిరా" అన్నారు మామయ్య, నా వైపు చూడకుండా.

ఇవాళ మళ్ళీ ఎర్ర గుర్తు. పొద్దున లేస్తూనే క్యాలెండర్ కాదు, ధర చూశాను. అంటే మీకు అర్థమవుతుంది నేనెంత దూరం వెళ్ళానో. మీ అబ్బాయి డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో నిలబడి, "ఇవాళే కదూ?" అన్నారు. పిడుగుని బడిలో దింపి వచ్చి కూర్చున్నాను. కిందటిసారి కొన్నదానికంటే పెద్ద అంకె వేశాను. నొక్కడమే మిగిలింది. అప్పుడు పక్కగదిలో మామయ్య దగ్గారు. ఉట్టి దగ్గే. ఆ దగ్గు తరవాత నన్ను పిలుస్తారేమో, పిలిస్తే లేస్తానో లేవనో నాకే తెలీలేదు.

అంకె చెరిపేసి ఆయన దగ్గరికి వెళ్ళాను. మంచం పక్కన నేలమీద కూర్చుని చెప్పాను. "ఆ రోజు మీరు పిలిచింది నాకు వినపడింది మామయ్యా."

"తెలుసు."

"ఎలా?"

"కుర్చీ చప్పుడు విన్నాను. లేచావు. మళ్ళీ కూచున్నావు."

నేను లేచిన సంగతి నాకే గుర్తులేదు అత్తయ్యా. ఆయనకి గుర్తుంది. బేసిన్ పట్టుకుని వేలాడుతూ, నా కుర్చీ జరిగిన చప్పుడు విని, వస్తున్నాను కాబోలనుకుని ఉంటారు. ఆ తరవాత మళ్ళీ జరిగిన చప్పుడూ విన్నారు.

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెబితే? నువ్వేడుస్తావు. వాడు అరుస్తాడు. అక్కడ పసివాణ్ణి వదిలేసి మీ అత్తయ్య బస్సెక్కేస్తుంది. ఎవరికి లాభం?" అన్నారు. "కోపం రాలేదనుకోకు. రెండు రోజులు నీ చేతి టీ తాగబుద్ధి కాలేదు. తాగాననుకో" అన్నారు.

మళ్ళీ ఆయనే, "ఇవాళ కూడా ఉందా ఆ ఎర్రదేదో?" అన్నారు. ఉందన్నాను. "ఎన్నింటికి?" చెప్పాను. "అయితే ఆ టైముకి నన్ను బయట నడిపించు. ఎలాగూ నడవాలి నేను" అని వాకర్ అందుకున్నారు.

ఫోన్ ఇంట్లోనే వదిలేసి వీధి చివర తాళంచెవులు చేసే అతని కొట్టు దాకా వెళ్ళాం. మీకు తెలుసుగా ఆయన నడక ఇప్పుడు. నాలుగడుగులు వేసి ఆగడం, ఎవరి గేటు రంగో బాగాలేదనడం, మళ్ళీ నాలుగడుగులు. అతని కొట్లో గోడ గడియారం ఉంది. చూడకూడదనుకుంటూనే చూశాను. వేళ అయింది. ఇప్పుడు ఆ గడిలో అంకె పడి ఉంటుంది.

"నా చేతులు ఆగట్లేదు మామయ్యా" అన్నాను.

"వాకర్ మీద పెట్టు. ఆ పక్క పట్టు, ఈ పక్క నేను పడతాను" అన్నారు.

అలాగే వచ్చాం ఇద్దరం, ఒక వాకర్ పట్టుకుని. చూసినవాళ్ళు ఎవరి కాలికి ఆపరేషన్ అయిందో తెలీక తికమక పడి ఉంటారు.

ఇంటికొచ్చి తెర చూశాను. చూడలేదని రాస్తే బాగుండును. నేను వేసి చెరిపిన అంకె ఉంచి ఉంటే, ఆ రోజు వచ్చినదానికి రెట్టింపు వచ్చేది. మీరైతే, పోనీలే, ఊరటగా లేదా అంటారు. లేదత్తయ్యా. ఏడుపొచ్చింది. జేబులోంచి ఎవరో తీసేసుకున్నట్టు అనిపించింది. మామయ్య కాలు కాదు నాకు గుర్తొచ్చింది, ఆ డబ్బు. అందుకే భయం వేసింది. తప్పు చేశానని బాధపడటం అయిపోయింది, మళ్ళీ చెయ్యనన్న నమ్మకం మాత్రం రాలేదు.

అది కూడా ఆయనకే చెప్పాను. ఆయన గడ్డం గోక్కుని ఆలోచించారు. "దీనికి తాళం ఉంటుందా?" అన్నారు. పాస్‌వర్డ్ ఉంటుందని చెప్పాను. "మార్చొచ్చా?" మార్చే చోటు తెరిచి ఇచ్చాను. నన్ను అటు తిరగమని, ఒక చేత్తో తెర కప్పుకుని, ఒక్క వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టారు. పరీక్షలో పక్కవాడికి చూపించని పిల్లాడిలా. వడ్డీ నిర్ణయం రోజు వచ్చిన డబ్బంతా అంతకుముందే మీ బ్యాంకు ఖాతాకి పంపేశాను. దాన్ని ఏం చెయ్యాలో మీ ఇష్టం. నన్నడక్కండి.

సాయంత్రం మీ అబ్బాయికి అంతా చెప్పాను, బాత్రూం సంగతి కూడా. అరుస్తారనుకున్నాను. అరవలేదు. "నేనే కదా వెనక నిలబడి ఎగదోసింది" అన్నారు. లేచి కిందికి వెళ్ళి, లిఫ్టులో పట్టుకోవడానికి బిగించే కడ్డీ ఒకటి ఎక్కడినుంచో తెచ్చారు. ఇప్పుడు బాత్రూం గోడకి డ్రిల్లు పెడుతున్నారు. ఈ అక్షరాలు వణికి ఉంటే అది నా చెయ్యి ఒక్కటే కాదు, బల్ల కూడా వణుకుతోంది. రేపు డ్యూటీకి వెళ్తానన్నారు. లిఫ్టు గుంతల మాట ఎత్తలేదు.

మీకు కోపం వస్తుంది. రావాలి. వదిన ముందు దాచుకోవడం మీకు కష్టమవుతుందని తెలుసు. ఆయన మీ భర్త అని, మీరు ఆయన్ని నా మీద వదిలి వెళ్ళారని, నాకు ప్రతి పూటా గుర్తొస్తోంది. ఉత్తరంలో తిడితే తిట్టండి, అట్టే పెట్టుకుని వచ్చాక మొహం మీదే తిట్టినా సరే. కాకపోతే పసివాణ్ణి వదిలి ఇప్పుడే బస్సెక్కకండి. ఆయన అదొక్కటే చెప్పమన్నారు.

పాస్‌వర్డ్ ఏం పెట్టారో నాకు నిజంగా చెప్పలేదు. కానీ ఇంట్లో ఎవరూ లేరనుకున్నప్పుడు ఆయన మిమ్మల్ని ఒక మాటతో పిలుస్తారు. మీరు వెంటనే "ఊరుకోండి, కోడలు వింటుంది" అంటారు. కోడలు ఎప్పుడో వింది. అదే అయి ఉంటుందని నా అనుమానం. కొడుతున్నప్పుడు అద్దంలో చూశాను, ఆయన పెదాలు కదిలాయి. సాయంత్రంనుంచి రెండుసార్లు తెర ముందుకి వెళ్ళి నిలబడ్డాను. ఇంతవరకు ఆ మాట కొట్టి చూడలేదు. మీరు రాగానే దాన్ని మార్చెయ్యండి అత్తయ్యా, నేను కనిపెట్టలేని మాట ఏదైనా పెట్టండి.

ఇట్లు,
మీ పక్క కుర్చీలో కూర్చోవడం నేర్చుకున్న
మీ కోడలు